వరద తీశాక వీధిలో బండి

తుంగభద్ర, హంద్రీ కలిసే చోట కర్నూలు ఉంది. కడప మధ్యలోంచి బుగ్గవంక పారుతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ రెండు ఊళ్లకూ కరువు తెలిసినంతగా వరద తెలియదు. అందుకే నీళ్లు తీశాక వీధిలో ఎలా మసలుకోవాలన్న అలవాటు కూడా ఇక్కడ పెద్దగా లేదు. ఆ మొదటి వారం రోజుల్లో వీధి తొందరగా తేరుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఒక మామూలు విషయం మీద ఆధారపడుతుంది. అది ఎవరి బండి ఎక్కడ నిలిచి ఉందన్నది.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. ఎగువన కర్ణాటకలోనూ, రాయలసీమలోనూ కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. ఆ ప్రాజెక్టును సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరద లెక్కకు కట్టారు. పాతబస్తీలో చాలా ఇళ్లు మొదటి అంతస్తు దాకా మునిగాయి, మంత్రాలయం మఠంలోకీ నీళ్లు చేరాయి. కడపకు ఇలాంటి దెబ్బ 2001లో బుగ్గవంక వల్ల తగిలింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు ఆ వంకే మళ్లీ కాలనీల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి.

నీళ్లు తీస్తాయి కానీ ఒండ్రు మిగిలిపోతుంది. గదుల్లో, అరుగుల మీద, మంచాల కింద మెత్తగా, జారుగా పేరుకుంటుంది. తడిసిన బియ్యం బస్తాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు, అంగళ్లలోని సరుకు, అన్నీ వీధిలోకే వచ్చి పడతాయి. సీమ ఎండకు ఒండ్రు రెండు మూడు రోజుల్లోనే పెచ్చు కడుతుంది. ఆ తర్వాత పారకు లొంగదు, గడ్డపార పట్టాలి. ఇంకొన్నాళ్లకు దుమ్మై లేచి ఇళ్లలోకే తిరిగి వస్తుంది. కాబట్టి తడి ఆరకముందే ఎత్తేయాలి. అందుకు జేసీబీ, దాని వెనక ట్రాక్టరు సందులోకి రావాలి.

పాతబస్తీ సందులు మోటారు బళ్లు రాకముందు పడినవి. ఒక వారగా కారు, ఎదురుగా రెండు మోటారు సైకిళ్లు ఉంటే చాలు, జేసీబీ మలుపు దగ్గరే ఆగిపోతుంది. డ్రైవరు కాసేపు హారన్ కొడతాడు. బండి గలాయన బంధువుల ఊళ్లో ఉంటాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. జేసీబీ పక్క సందుకు తిరుగుతుంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అడ్డంగా ఉన్న ఒక్క బండి ఆ సందులోని ఇళ్లన్నిటి బురదనూ ఎండబెడుతుంది. ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు తాళంచెవి నమ్మకమైన పక్కింట్లో ఇచ్చి, ఫోన్ నంబరు చెప్పి పోవాలి. ఉన్నవాళ్లు బళ్లన్నీ సందుకు ఒకే వైపు, గోడకు ఆనించి పెట్టుకోవాలి. ఒండ్రులో సైడ్ స్టాండు దిగబడి బండి పక్కదాని మీద పడుతుంది కనుక మెయిన్ స్టాండు వేయాలి, లేదా స్టాండు కింద ఒక బండరాయి పెట్టాలి. ‘అన్నా, బండి రవంత పక్కకు పెట్టు’ అనడానికి మొహమాటపడకూడదు, అనిపించుకున్నవాళ్లు నొచ్చుకోకూడదు.

మునిగిన బండిని కిక్ కొట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అదే పెద్ద నష్టం తెస్తుంది. సైలెన్సరు గుండానో, ఎయిర్ ఫిల్టరు గుండానో సిలిండరులోకి నీళ్లు చేరి ఉంటే, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగ విప్పేసి, బండిని నెట్టుకుంటూ పోయి, ఆయిలు మార్పించి, ప్లగ్గు విప్పి నీళ్లు తీయించాకే స్టార్టు చేయాలి. అందరూ ఒకేసారి మెకానిక్ దగ్గరికి పరుగెత్తినప్పుడు షెడ్డు ముందు రోడ్డే పార్కింగు అవుతుంది. అక్కడా వాటర్ ట్యాంకరుకు, అంబులెన్సుకు దారి మిగల్చాలి.

ఊడ్చిన బురద ఎక్కడ పోయాలన్నది ఇంకో తగవు. తన గడప శుభ్రమైతే చాలని పక్కింటి ముందుకు నెట్టడం, మురుగు కాలువలో తోసేయడం రెండూ తప్పే. కాలువ పూడిపోతే తర్వాత పడే చిన్న వానకే మురుగు ఇళ్లలోకి తన్నుతుంది. ట్రాక్టరు వచ్చే వేళ తెలుసుకుని, వీధికి ఒక్కచోట కుప్ప వేయడమే సరైన పని. ముసలివాళ్లు మాత్రమే ఉండే ఇంటి ముందు బురద ఎత్తేది ఎవరన్నది వీధి ముందే అనుకోవాలి.

మంచు కురిసే ఊళ్లలో వీధిలో బండి అడ్డమయ్యే ఈ చిక్కు ఏటా వస్తుంది కాబట్టి అక్కడ కట్టుబాట్లు ఏర్పడ్డాయి. బోస్టన్‌లో మంచు తుఫాను వస్తుందంటే ముఖ్యమైన రోడ్ల మీద కార్లు ఆపనివ్వరు. ఆపితే మంచు తోసే బండికి అడ్డమని లాక్కుపోతారు. ఎవరైనా తన కారు చుట్టూ మంచు తవ్వుకుని చోటు చేసుకుంటే, అక్కడ కుర్చీయో డబ్బాయో పెట్టి అట్టిపెట్టుకోవచ్చు. ఆ హక్కు అత్యవసర పరిస్థితి ఎత్తేశాక 48 గంటల వరకే. షికాగోలో చట్టం ఒప్పుకోకపోయినా పాత కుర్చీలు పెట్టే ఆచారం ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఈ కుర్చీల మర్యాదను కూడా నేర్చుకోవాల్సి వస్తుంది. గడువు పెట్టడమే ఈ పద్ధతిలో మెచ్చుకోదగ్గ సంగతి. కష్టపడ్డవాడికి రెండు రోజులు గౌరవం, తర్వాత వీధి అందరిదీ. కర్నూలు సందుల్లో మాత్రం కుర్చీ పద్ధతి నప్పదు. అక్కడ చోటు చేసేది జేసీబీ, దాని ఖర్చు అందరిదీ. శుభ్రమైన చోటు ముందుగా ట్యాంకరుకూ ట్రాక్టరుకూ దక్కాలి.

వాన హెచ్చరిక వచ్చినప్పుడే బండిని మెరక మీదికి చేర్చడం అన్నిటికన్నా మేలు. చెన్నై వేళచ్చేరి వాసులు 2015 వరద తర్వాత, భారీ వానలు వస్తాయంటే కార్లను ఫ్లైఓవరు మీద పెట్టుకుంటున్నారు. ఒక వరుసలోనే ఆపి మిగతా దారి వదిలితే దీన్ని తప్పుపట్టలేం. వంకల పక్కన, వంతెనల కింద మాత్రం బండి వదలకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ఇళ్లలోని బురద కడగడానికి ప్రభుత్వం ఫైరింజన్లను పంపింది. మునిగిన ద్విచక్ర వాహనానికి 3,000 రూపాయలు, ఆటోకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. బీమా సొమ్ము రావాలంటే మాత్రం థర్డ్ పార్టీ పాలసీ సరిపోదు, సొంత నష్టానికి వర్తించే పాలసీ ఉండాలి. నీళ్లలో ఉన్న బండిని స్టార్టు చేసి ఇంజను పాడుచేసుకుంటే, ఇంజను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టనివాళ్లకు కంపెనీ కాదనవచ్చు. అందుకే బండిని కడగకముందే, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిసేలా నంబరు ప్లేటుతో సహా ఫోటోలు తీసుకుని, కంపెనీకి కబురు చేసి, ఆ తర్వాతే షెడ్డుకు నెట్టాలి.