వంతెన కూలాక ఇచ్చే నిధి, కూలకముందు ఇచ్చే నిధి

2024 సెప్టెంబరు ఆరంభంలో కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తాయి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వద్ద రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. ఇటువంటి ప్రతి విపత్తు తర్వాతా మరమ్మతులకు నిధుల ప్రస్తావన వస్తుంది. అదే దారి మరో వరదకు తెగకుండా చేసేందుకు నిధులు ఎక్కడివన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

విపత్తు నిర్వహణ చట్టం–2005 ఈ రెండు అవసరాలను వేర్వేరుగా గుర్తించింది. సహాయ చర్యలకు ప్రతిస్పందన నిధిని, ముప్పును ముందే తగ్గించేందుకు ఉపశమన నిధిని నిర్దేశించింది. అయితే జాతీయ విపత్తు ఉపశమన నిధి 2021లో గానీ ఏర్పాటు కాలేదు.

2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధులకు రూ.1,60,153 కోట్లు సిఫార్సు చేసింది. ఇందులో ప్రతి 100 రూపాయల్లో 40 తక్షణ సహాయానికి, 30 పునరుద్ధరణ, పునర్నిర్మాణాలకు, 10 సన్నద్ధతకు కేటాయించింది. మిగిలిన 20 రూపాయలే ఉపశమన నిధి. మొత్తంలో 75 శాతాన్ని కేంద్రం భరిస్తుంది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఈ వాటా 90 శాతం.

తక్షణ సహాయ నిబంధనల కింద రోడ్డుకు పడిన గండ్లు పూడ్చవచ్చు, రాకపోకలను తాత్కాలికంగా పునరుద్ధరించవచ్చు. కానీ లోపం తరచూ నిర్మాణంలోనే ఉంటుంది. కల్వర్టు ఇరుకైతే నీరు వెనక్కి ఎగదన్ని రోడ్డు కట్టను తెంచుతుంది. వంతెన స్తంభాల చుట్టూ ప్రవాహం మట్టిని కోసుకుపోతే పునాది బలహీనపడుతుంది. పైకి చెక్కుచెదరని వంతెన కూడా అప్రోచ్ రోడ్డు కొట్టుకుపోతే నిరుపయోగమే. కల్వర్టును వెడల్పు చేయడం, పునాదిని మరింత లోతుకు దింపడం, కట్టకు రాతి రక్షణ కల్పించడం తాత్కాలిక మరమ్మతులతో సాధ్యమయ్యే పనులు కావు.

ముందస్తు వ్యయానికి తెలుగు నేలపైనే ఉదాహరణ ఉంది. 2011లో ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో మొదలైన జాతీయ తుపాను ముప్పు ఉపశమన ప్రాజెక్టు కింద తుపాను షెల్టర్లతో పాటు వాటిని చేరే రోడ్లు, వంతెనలు కూడా నిర్మించారు. షెల్టరు ఎంత దృఢంగా ఉన్నా, దారి మునిగితే అది ప్రజలకు అందదన్నదే ఇందులోని తర్కం.

తెగిన దారిని పాత కొలతలతోనే తిరిగి నిర్మిస్తే, అంతే ఉద్ధృతితో వచ్చే మరో వరద దాన్ని మళ్లీ తెంచుతుంది. ఆ ఖర్చును ప్రభుత్వ ఖజానా రెండోసారి భరించగలదేమో గానీ, అవతలి ఒడ్డున అంబులెన్సు కోసం ఎదురుచూసే రోగికి రెండో అవకాశం ఉండకపోవచ్చు.