కియాంటీ కొండల్లో సేంద్రియ ద్రాక్ష

ఇటలీలో ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య కొండవాలుల్లో పండే ద్రాక్షతోనే కియాంటీ క్లాసికో వైన్ చెయ్యాలి. 1716లోనే టస్కనీ పాలకుడు మూడో కోసిమో కియాంటీకి హద్దులు గీయించాడు. సీసా మీద నల్ల కోడిపుంజు కియాంటీ క్లాసికో గుర్తు. అందులో కనీసం 80 శాతం సాంజొవేసే రకం ద్రాక్షే ఉండాలి.

ఇక్కడ చాలా కుటుంబాలు సేంద్రియ సాగుకు మళ్లాయి. అలాగని ఏ మందూ కొట్టరనుకోవద్దు. బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు రాగి వాడతారు. మా నాన్న నిమ్మచెట్ల గజ్జి తెగులుకు కొట్టిన బోర్డో మిశ్రమమనే రాగి మందే అక్కడా దిక్కు! కాకపోతే రాగి నేలలో పేరుకుపోతుంది. అందుకే యూరోపియన్ యూనియన్ హెక్టారుకు 7 ఏళ్లలో 28 కిలోలకు మించనివ్వదు. సత్తువ కోసం సాళ్ల మధ్య చిక్కుడు జాతి మొక్కలు పెంచి, మన రైతులు జీలుగను కలియదున్నినట్టే దున్నేస్తారు.

సేంద్రియ ముద్ర రావాలంటే 3 ఏళ్లు ఆగాలి. ఈలోపు దిగుబడి తగ్గినా ఆ పేరుతో అమ్ముకోలేరు. అంత ఓపిక ఇంటిల్లిపాదీ తోటలో దిగే కుటుంబాలకే ఎక్కువని నా నమ్మకం.

సేంద్రియ వైన్ ఆరోగ్యానికి మంచిదని ఎవరన్నా నమ్మకండి. ఆల్కహాల్ ఎప్పుడూ ఆల్కహాలే. మేలు జరిగేది నేలకు, ఆ తోటలో పనిచేసేవాళ్లకు.