మీకు తెలుసా? కంటి చిల్లును జిగురుతో మూస్తారు!

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరే. వడ్ల ఊక గుచ్చుకునో, పుండు ముదిరో అక్కడ చిల్లు పడితే లోపలి నీరు కారిపోతుంది, కన్నుకే ముప్పు. చిల్లు రెండు మూడు మిల్లీమీటర్లు మించకపోతే చాలాసార్లు జిగురే ఆదుకుంటుంది.

దీని పేరు సయనోఅక్రిలేట్. 1942లో రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ తుపాకీ గురిచూసే పరికరాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ తయారుచేశారు. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1960ల చివరికి అది కంటి వైద్యంలోకి వచ్చింది.

డాక్టరు ముందుగా చిల్లు చుట్టూ పాడైన పొరను గీకి, తడిని స్పాంజితో అద్ది తీసేస్తారు. సన్నని సూది మొనతో ఒక్క చిన్న బొట్టు పెడతారు. తేమ తగలగానే అది గట్టిపడుతుంది. పైన గరుకుగా ఉండి రెప్పకు గుచ్చుకుంటుంది కాబట్టి మెత్తని కాంటాక్ట్ లెన్స్ పెడతారు. కింద కణజాలం మానాక జిగురు తనంతట తానే ఊడిపోతుంది. పెద్ద చిల్లయితే కార్నియా మార్పిడి వంటివి తప్పకపోవచ్చు.

నల్లగుడ్డు మీదికి పాకే కండను తీసేశాక ఆ చోట కంటి పొరను అతికించేది వేరే జిగురు: రక్తంలోని ప్రోటీన్లతో చేసే ఫైబ్రిన్. కుట్లు లేకపోవడంతో నొప్పి తక్కువ.

ఇంట్లో వాడే సూపర్ గ్లూ మాత్రం కంటికి ఎప్పుడూ వాడకూడదు. పొరపాటున పడితే రెప్పలు బలవంతంగా లాగకండి. నీళ్లతో బాగా కడిగి వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి.