మధ్య పరారుణ కాంతికి ప్రత్యేక గాజు తంతువులు

బొగ్గు గనుల్లో మీథేన్ వాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య చేరినప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినా విస్ఫోటం సంభవిస్తుంది. ఆ స్థాయికి చాలా ముందే, లక్ష పాళ్లలో ఒకటి రెండు పాళ్లుగా ఉన్నప్పుడే దానిని పసిగట్టగలిగే సాధనాలు గని భద్రతకు అవసరం. ఇందుకు కాంతి తోడ్పడుతుంది. ప్రతి అణువూ తన కంపనాలకు సరిపడే తరంగదైర్ఘ్యం గల కాంతిని మాత్రమే గ్రహిస్తుంది. మీథేన్ 3.3 మైక్రాన్ల వద్ద, కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల వద్ద, కార్బన్ మోనాక్సైడ్ 4.6 మైక్రాన్ల ప్రాంతంలో కాంతిని బలంగా గ్రహిస్తాయి. పేలుడు పదార్థాల్లోని నైట్రో సముదాయాల గుర్తులు 6 నుంచి 8 మైక్రాన్ల మధ్య కనిపిస్తాయి. కంటికి కనిపించని ఈ మధ్య పరారుణ ప్రాంతాన్ని శాస్త్రజ్ఞులు అణువుల వేలిముద్రల పట్టికగా వ్యవహరిస్తుంటారు.

ఈ పట్టికను చదవడానికి తగిన దీపం లభించడమే ఇంతకాలం కష్టమైంది. ప్రయోగశాలల్లో వాడే సిలికాన్ కార్బైడ్ కడ్డీని వేడిచేస్తే అన్ని తరంగదైర్ఘ్యాలూ వెలువడతాయి గాని, ఆ కాంతి నలుదిక్కులకూ చెదిరిపోతుంది. సింక్రోట్రాన్ కాంతి ప్రకాశవంతమైనదే. అయితే ఇండోర్‌లోని ఇండస్-2 వలయం చుట్టుకొలతే 172.5 మీటర్లు. దానిని గని ముఖద్వారానికో, ఆసుపత్రికో తరలించడం సాధ్యం కాదు. 1994లో ఆవిర్భవించిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్లు చిన్నవే అయినా, ఒక్కొక్కటి ఇరుకైన పట్టీకి మాత్రమే పరిమితం. లేజరు వలె సన్నని పుంజంగా సాగుతూ, దీపం వలె విస్తృత వర్ణపటాన్ని అందించే కాంతిని సూపర్ కంటిన్యూమ్ అంటారు. పత్రికలు దీనిని తెల్ల లేజరు అని రాయడం కద్దు. మధ్య పరారుణానికి ఆ పేరు సరిపోదు. ఈ కాంతి కంటికి కనిపించదు.

గాజు గుండా అతి తీవ్రమైన కాంతి సాగినప్పుడు ఆ గాజు వక్రీభవన గుణకమే మారిపోతుంది. ఫలితంగా ఒకే రంగుతో ప్రవేశించిన కాంతి కొత్త రంగులను సంతరించుకుంటుంది. 1970లో ఆల్ఫానో, షాపిరో గాజు దిమ్మెలో ఈ ప్రభావాన్ని గమనించారు. సగటున ఒక వాటు శక్తి గల లేజరు సెకనుకు 8 కోట్ల స్పందాలను, ఒక్కొక్కటి 100 ఫెమ్టోసెకన్ల నిడివితో వెలువరిస్తే, ఒక్కో స్పందపు శిఖర శక్తి సుమారు 125 కిలోవాట్లకు చేరుతుంది. ఆ శక్తి వెంట్రుక కన్నా సన్నని తంతు గర్భంలో ఇమిడి ప్రయాణిస్తుంది. స్పందం పలు సోలిటాన్లుగా విడివడుతుంది. అవి గాజు కంపనాలకు శక్తిని కోల్పోతూ దీర్ఘ తరంగాల వైపు జరుగుతాయి. ఈ జరుగుబాటుకు మూలం 1928లో కలకత్తాలో సర్ సి.వి.రామన్ కనుగొన్న ప్రభావమే.

సమాచార ప్రసారానికి వాడే సిలికా తంతువు ఇక్కడ అక్కరకు రాదు. 2.4 మైక్రాన్లు దాటితే సిలికా తానే కాంతిని మింగివేస్తుంది. తేలిక పరమాణువుల గట్టి బంధాలు త్వరగా కంపించడమే అందుకు కారణం. బరువైన పరమాణువులు, బలహీన బంధాలు గల గాజు కావాలి. ఫ్రాన్స్‌లోని రెన్నెస్‌లో 1970 దశకంలో వెలుగుచూసిన జిర్కోనియం ఫ్లోరైడ్ గాజులు ఈ కోవకు చెందినవి. 2006లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ జాతి తంతువులో 4.5 మైక్రాన్ల వరకు వర్ణపటాన్ని సాధించారు. అంతకు మించి సాగడానికి గంధకం, సెలీనియం, టెల్లూరియం కలిసిన చాల్కోజెనైడ్ గాజులే శరణ్యం. వీటి అరేఖీయ స్పందన సిలికా కన్నా వందల రెట్లు అధికం. అందువల్ల కిలోమీటర్ల తంతువు అవసరం లేదు, కొద్ది సెంటీమీటర్లు చాలు.

2014లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం నేతృత్వంలోని బృందం ఈ విషయాన్ని నిరూపించింది. ఆర్సెనిక్-సెలీనియం గర్భం గల 8.5 సెంటీమీటర్ల తంతువులోకి 6.3 మైక్రాన్ల స్పందాలను పంపగా 1.4 నుంచి 13.3 మైక్రాన్ల వరకు కాంతి వెలువడింది. అనంతరం 2016లో జపాన్‌లోని టయోటా సాంకేతిక సంస్థ పరిశోధకులు 15.1 మైక్రాన్లను అందుకున్నారు.

అయితే ఈ గాజుతో పని సులభం కాదు. ఇది పెళుసు, సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కే మెత్తబడుతుంది, ఆర్సెనిక్ విషపూరితం. కొద్దిపాటి ఉదజని మిగిలినా 4 నుంచి 4.5 మైక్రాన్ల వద్ద వర్ణపటంలో గండి పడుతుంది. సరిగ్గా కార్బన్ డయాక్సైడ్‌ను వెదకవలసిన చోటే అలా జరగడం ఇబ్బందికరం. కనుక ముడిపదార్థాలను శూన్యంలో పదేపదే స్వేదనం చేయవలసి వస్తుంది.

మరో చిక్కు లేజరుదే. డెన్మార్క్ ప్రయోగంలో స్పందాలను అందించిన పరికరాలకు బల్లంత చోటు అవసరమైంది. సామాన్య ఫైబర్ లేజరు కాంతిని మొదట 2 మైక్రాన్లకు, ఆపై ఫ్లోరైడ్ తంతువులో 4 మైక్రాన్లకు, చివరకు చాల్కోజెనైడ్ తంతువులోకి దశలవారీగా నెట్టే పద్ధతిపై ప్రస్తుతం పరిశోధకులు దృష్టి సారిస్తున్నారు. తంతువుకు తంతువు అతికే చోట రెండు గాజుల మెత్తబడే ఉష్ణోగ్రతలు వేరు కావడంతో, ఆ అతుకు వద్దనే కాంతిలో గణనీయమైన భాగం వృథా అవుతున్నది.