కాలాన్ని కాపాడిన బాలిక

జర్మన్ రచయిత మిహాయెల్ ఎండే 1973లో వెలువరించిన బాలల నవల ‘మోమో’. శిథిల రంగస్థలంలో నివసించే మోమోకు నా అన్నవారు లేరు. ఎదుటివారి మాటను ఓపికగా ఆలకించే గుణమే ఆమె సంపద. బూడిదరంగు మనుషులు పొదుపు పేరిట పెద్దల కాలాన్ని అపహరిస్తారు. బిడ్డలతో గడపడమే వృథా అని నమ్మిస్తారు. తాబేలు తోడుగా, చేత కాలపుష్పంతో మోమో వారిని ఎదిరించి, పోయిన కాలాన్ని జనులకు తిరిగి అందిస్తుంది.

ఇందులోని కాలపాలకుడు కల్పనేనని, కాలానికి యజమాని అల్లాహ్ ఒక్కడేనని పిల్లలకు తెలపాలి. పాఠం మాత్రం పెద్దలకే. ‘అస్ర్’ సూరాలో అల్లాహ్ కాలంపై ప్రమాణం చేసి, మానవుని నష్టాన్ని గురించి హెచ్చరించాడు. దైవప్రవక్త (స) చిన్నారి అబూ ఉమైర్‌ను అతని పిట్ట ఏమైందని ఆప్యాయంగా పలకరించారు. ఈ రాత్రి మన బిడ్డ మాటను మనమెంతసేపు ఆలకిస్తాము?