వారానికో ఉత్తరం.. రెండేళ్ల లెక్క

డిగ్రీ చేతికొచ్చింది. క్లాస్‌మేట్లంతా ప్లేస్‌మెంట్ల హడావుడిలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు ‘నేను రెండేళ్లు జీతం లేని పనికి వెళ్తున్నా’ అంటాడు. ఏ ఊరు పంపుతారో తన చేతిలో లేదు. గదిలో ఎవరితో ఉండాలో తన ఇష్టం కాదు. సినిమాల్లేవు, డేటింగ్ లేదు. ఇంటికి కబురు వారంలో ఒక్కరోజే. ఇంట్లో పెద్దవాళ్లు ‘మరి ఉద్యోగం సంగతేంట్రా?’ అని అడగకుండా ఉంటారా? రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో హెచ్ఆర్ కూడా దాదాపు అదే ప్రశ్న వేస్తారు.

మోర్మన్ మిషనరీగా వెళ్లే ప్రతి కుర్రాడూ, అమ్మాయీ ఎదుర్కొనే పరిస్థితి ఇది. వాళ్ల విశ్వాసం మంచిచెడ్డల జోలికి మనం వెళ్లడం లేదు. కానీ వాళ్ల దినచర్యలోనూ, వారానికోసారి ఇంటికి రాసే ఉత్తరంలోనూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. అదేంటో చూద్దాం.

ఎవరు వీళ్లు?

సికింద్రాబాద్‌లో కార్ఖానా, విక్రంపురి, పికెట్ లాంటి చోట తెల్లచొక్కా, టై, ఛాతీ మీద నల్లటి నేమ్‌బ్యాడ్జితో ఇద్దరు కుర్రాళ్లు జంటగా నడుస్తూ కనిపిస్తే, వాళ్లు బహుశా వీళ్లే. పేరుకు ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. అంటే పెద్ద అని అర్థం, వయసేమో చాలామందికి ఇరవై అటూఇటూనే! అమ్మాయిలైతే ‘సిస్టర్’.

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం ఇది. ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. తెలుగులో అధికారిక పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’. మోర్మన్ అనేది వాడుక పేరు. ఆ మాట బదులు పూర్తి పేరే వాడమని 2018లో సంఘమే కోరింది. ప్రపంచవ్యాప్తంగా 70 వేలమందికి పైగా యువత ఇలా మిషన్‌లో ఉన్నారు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. 2012లో కనీస వయసును అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో ఈ పని నేరుగా కాలేజీ వయసులోకి వచ్చిపడింది.

జీతం ఉండదు సరికదా, ఖర్చు కూడా వీలైనంతవరకు కుటుంబమే భరించాలి. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు నెలకు 400 డాలర్లు కట్టేవారు. 2020 జులై నుంచి అది 500 అయింది. స్థోమత లేనివాళ్లకు సంఘం సాయం చేస్తుంది.

హైదరాబాద్‌కు దీంతో ఉన్న సంబంధం నిన్నటిది కాదు. సమోవా దీవుల్లో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో కొద్దినెలల మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. ముందుగా చెప్పింది సొంత బంధువులకే. బాప్టిస్టు పాస్టర్ అయిన ఎల్సీ తండ్రే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించే పని చేశారు. బెంగళూరు కేంద్రంగా మిషన్ 1993లో, ఢిల్లీ కేంద్రంగా మరొకటి 2007లో మొదలయ్యాయి. కొన్ని స్థానిక సంఘాలను కలిపి ‘స్టేక్’ అంటారు. దేశంలో మొదటి స్టేక్ 2012 మే 27న ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

మతప్రచారం అనగానే చట్టం సంగతి గుర్తుకొస్తుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. అది ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి ఉంటుంది. ఎదుటివారిని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. కాబట్టి ఎవరినైనా కలవాలంటే పరిచయం కావాలి, అవతలివాళ్ల ఇష్టం కావాలి. ‘వద్దు’ అంటే దండం పెట్టి వచ్చేయడమే.

6.30కి లేవాలి, 10.30కి పడుకోవాలి

వీళ్ల టైంటేబుల్ మన హాస్టల్ కుర్రాళ్లకు కాస్త భయం పుట్టిస్తుంది. ఉదయం 6.30కి నిద్ర లేవాలి. అరగంట వ్యాయామం. టిఫిన్ అయ్యాక ఒంటరిగా చదువు, తర్వాత జోడీతో కలిసి చదువు. కొత్త భాష నేర్చుకోవాల్సి ఉంటే దానికి వేరే సమయం. ఆ తర్వాత రోజంతా బయట. రాత్రి తొమ్మిదికల్లా గదికి చేరాలి. 10.30కి లైట్లు ఆర్పేయాలి. 2017 నుంచి దేశాన్నిబట్టి, పరిస్థితినిబట్టి కొంచెం అటూఇటూ మార్చుకునే వీలిచ్చారు. అంతకుముందు అదీ లేదు.

అసలు పరీక్ష జోడీతోనే. దీన్ని ‘కంపానియన్‌షిప్’ అంటారు. ఇరవైనాలుగు గంటలూ ఒకరి కంటికి ఒకరు కనిపించేంత దూరంలో ఉండాలి. ఒకరిది రాజమండ్రి, ఇంకొకరిది ఢిల్లీ కావచ్చు. భాష వేరు, తిండి వేరు, గురక వేరు. ఆరు వారాలకోసారి బదిలీల కబురొస్తుంది. ఉన్నచోటే ఉండొచ్చు, లేదా పెట్టె సర్దుకోవాల్సి రావచ్చు.

కొత్తగా వచ్చినవారికి మొదటి 12 వారాలు అనుభవమున్న జోడీ శిక్షణ ఇస్తారు. రోజూ రాత్రి రేపటి ప్లాన్. వారానికోసారి లక్ష్యాల సమీక్ష: ఎంతమందిని కొత్తగా కలిశాం, ఎంతమంది మళ్లీ రమ్మన్నారు, ఎవరు వద్దన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆన్‌బోర్డింగ్, స్టాండప్, రెట్రోస్పెక్టివ్ అని మనం పేర్లు పెట్టుకున్నవన్నీ ఇక్కడ టైతో, మంచినీళ్ల సీసాతో నడుస్తుంటాయి.

అందరికీ ఇది సాఫీగా సాగదు. ఆరోగ్యం సహకరించకో, ఒంటరితనం తట్టుకోలేకో గడువుకు ముందే తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు వాళ్లను కుంగదీసేది తిరిగి రావడం కాదు, వచ్చాక ‘నలుగురికీ ఏం చెప్పాలి’ అన్న బెంగ. క్యాంపస్‌లో ఆఫర్ రాక ఊరికి వెళ్లడానికి మొహం చెల్లని కుర్రాడికి ఈ బెంగ ఏంటో బాగా తెలుసు.

ఉత్తరం రోజు

వారంలో ఒకరోజు ‘ప్రిపరేషన్ డే’. బట్టలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి రాయడం ఆ రోజు పనులు. ఒకప్పుడు కాగితం ఉత్తరాలు, తర్వాత ఈమెయిల్. ఫోన్ అయితే ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరిలో ఈ నిబంధన సడలించారు. ఇప్పుడు వారానికోసారి ఫోనో, వీడియో కాలో చేసుకోవచ్చు. రాసే అలవాటు మాత్రం పోలేదు. ఇంటికి ఒకటి, తమ మిషన్ అధ్యక్షుడికి ఒకటి. రెండేళ్లంటే దాదాపు వంద ఉత్తరాలు.

ఆ వందలో ఏముందన్నదే అసలు విషయం. కార్ఖానాలో గది తీసుకుని ఉంటున్న ఒక రాజమండ్రి కుర్రాడిని ఊహించుకుందాం. అతను ఇలా రాయొచ్చు:

‘అమ్మా, నేను బాగున్నాను. ఇక్కడ అందరూ బాగున్నారు. తిండి బాగానే ఉంది. నా గురించి బెంగ పెట్టుకోకు.’

లేదా ఇలా:

‘అమ్మా, మంగళవారం తిరుమలగిరి వైపు వెళ్లాం. ఒక పెద్దాయన రమ్మన్నారు. తీరా వెళ్తే ఇంటికి తాళం. ఎండలో నడిచి వెనక్కొచ్చాం. బుధవారం అంట్ల దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. పొద్దుటిదాకా మాటల్లేవు. చివరికి నేనే కదిపా. ఇప్పుడు గోడకి కాగితం అంటించాం: సోమ, బుధ, శుక్రవారాలు నేను తోమాలి. నా హిందీ విని పాలబ్బాయి ఇంకా నవ్వుతున్నాడు, కాకపోతే పోయిన వారం కంటే తక్కువ. పప్పుచారు నువ్వు చెప్పినట్టే పెట్టా, పులుపెక్కువైంది. ఈసారి ఎవరింటికెళ్లినా ముందురోజు ఫోన్ చేసే వెళ్తాం.’

మొదటి ఉత్తరం చదివితే అమ్మ బెంగ తగ్గదు, పెరుగుతుంది. కోడ్ రాసి కమిట్ మెసేజ్‌లో ‘అప్‌డేట్ చేశాను’ అని పెట్టినట్టు ఉంటుంది అది. ఏం మారిందో ఎవరికీ తెలీదు, ఆరునెలలాగితే రాసినవాడికీ తెలీదు. రెండోదాంట్లో పెద్ద సంఘటన ఏదీ లేదు. అయినా ఒక వైఫల్యం, ఒక గొడవ, దాని పరిష్కారం, ఒక కొత్త నైపుణ్యం, వచ్చే వారానికో మార్పు.. ఐదూ ఉన్నాయి.

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్నలు గుర్తుతెచ్చుకోండి. ‘టీమ్‌లో విభేదం వస్తే ఎలా పరిష్కరించారు?’ ‘అనుకున్నది జరగనప్పుడు ఏం చేశారు?’ ‘కొత్త విషయం ఎలా నేర్చుకున్నారు?’ వీటికి పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరసలో జవాబివ్వమని చెబుతుంటారు. స్టార్ పద్ధతి అంటే అదే. పద్ధతి అందరికీ నోటికొచ్చు. లోపల పెట్టడానికి సంగతి లేకే చాలామంది తడబడతారు. సంగతి లేకపోవడమంటే జీవితంలో ఏమీ జరగలేదని కాదు, జరిగింది ఎక్కడా రాసుకోలేదని.

ఈ సంఘం నుంచి మిషన్‌కు వెళ్లొచ్చి పేరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ‘డిస్‌రప్టివ్ ఇన్నోవేషన్’ సిద్ధాంతంతో ప్రసిద్ధుడైన హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్‌సెన్ 1970ల మొదట్లో దక్షిణ కొరియాలో మిషనరీ. జెట్‌బ్లూ వ్యవస్థాపకుడు డేవిడ్ నీల్‌మన్ బ్రెజిల్‌లో పనిచేశారు. తర్వాత అదే దేశంలో అజుల్ విమానయాన సంస్థ పెట్టారు. అలాగని మిషన్‌కు వెళ్తే అందరూ వీళ్లలా అవుతారని అనుకోకూడదు. వెళ్లొచ్చి మామూలు ఉద్యోగం చేసుకునేవాళ్లే ఎక్కువ.

గ్యాప్‌ను ఎలా చెప్పాలి?

మన దగ్గర చాలా నియామకాల్లో చదువుకు, ఉద్యోగానికి మధ్య గ్యాప్ ఎంతవరకు ఉండొచ్చో నిబంధన ఉంటుంది. రెండేళ్లు మించకూడదనేవీ ఉన్నాయి. మిషన్ అయినా, సివిల్స్ ప్రిపరేషన్ అయినా, ఇంట్లో ఎవరికో బాగోక ఆగిపోయినా దరఖాస్తుకు ముందు ఆ నిబంధన చదవండి. తేదీలు ఉన్నవి ఉన్నట్టు రాయండి.

ఇక్కడే చాలామంది పెద్ద తప్పటడుగు వేస్తున్నారు. గ్యాప్ కనిపించకూడదని డబ్బు కట్టి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు, శాలరీ స్లిప్పులు, పాత కంపెనీకి వెళ్లే ఒక్క ఈమెయిల్ చాలు అది బయటపడటానికి. చేరిన ఆరునెలలకు తేలినా ఉద్యోగం పోతుంది. ఖాళీగా ఉన్న రెండేళ్లకు సంజాయిషీ చెప్పుకోవచ్చు. అబద్ధానికి చెప్పుకోలేం.

మిషన్ నుంచి వచ్చినవాళ్లయితే రెజ్యూమెలో ఇలా రాయొచ్చు: ‘24 నెలల పూర్తికాల స్వచ్ఛంద సేవ. మూడు ప్రాంతాల్లో పని. వారంవారం లక్ష్యాల ప్రణాళిక, నివేదిక. కొత్తగా చేరిన ఇద్దరికి 12 వారాల శిక్షణ. హిందీలో ధారాళంగా మాట్లాడతాను.’ నిజంగా చేసినవే రాయాలి. ఇంటర్వ్యూలో మతబోధ జోలికి వెళ్లొద్దు. అడిగితే ఏ సంస్థో దాచొద్దు. చేసిన పని చెప్పండి.

మీ ఉత్తరం మీరే మొదలుపెట్టండి

ఈ అలవాటు కోసం మిషన్‌కు వెళ్లనక్కర్లేదు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నా, కార్ఖానాలో నలుగురు కలిసి గది తీసుకుని జేబీఎస్‌లో బస్సెక్కి ఇంటర్వ్యూలకు తిరుగుతున్నా, ఆదివారం ఓ అరగంట చాలు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. ఈ వారం ఏం చేశాను? ఎన్ని దరఖాస్తులు, ఎన్ని టెస్టులు, అంకెలతో.

2. ఏది కుదరలేదు? ఎందుకు?

3. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాను?

4. ఎవరితోనైనా ఇబ్బంది వచ్చిందా? ఎలా సర్దుకున్నాను?

5. వచ్చే వారం ఏ ఒక్కటి మారుస్తాను?

డైరీలో రాసుకుని దాచేయకండి, ఎవరికైనా పంపండి. అమ్మకో, అక్కకో, మీకు చదువు చెప్పిన మాస్టారికో. చదివేవాళ్లు ఒకరున్నారంటే కోతలు కోయబుద్ధి కాదు, దాచబుద్ధీ కాదు. అమ్మకు చదవడం కష్టమైతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి, అదే ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి.

ఇంకో లాభం ఉంది. ‘టీసీఎస్‌లో పిలుపు వచ్చిందా?’ అని నాన్న ప్రతి ఫోన్‌లో అడుగుతున్నారంటే, మధ్యలో ఏం జరుగుతోందో ఆయనకు తెలియకే. మూడో రౌండ్ దాకా వెళ్లి ఎస్‌క్యూఎల్ ప్రశ్న దగ్గర ఆగిపోయావని తెలిస్తే అడిగే ప్రశ్నే మారిపోతుంది. ‘మరి ఆ ఎస్‌క్యూఎల్ ఎంతవరకు వచ్చింది?’ అంటారు. పొలం కౌలుకిచ్చో, చిట్టీ పాడో ఫీజు కట్టిన మనిషికి ఫలితం వచ్చేదాకా ఏమీ తెలియనివ్వకపోవడం న్యాయం కూడా కాదు.

రిజెక్షన్ మెయిల్ వచ్చిన వారం రాయాలనిపించదు. ఆ వారం మూడు వాక్యాలే రాయండి. కానీ రాయండి. ఆరునెలలకు అవి ఇరవైఆరు అవుతాయి. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి ఇంటర్నెట్‌లో మోడల్ ఆన్సర్లు బట్టీ పట్టే బదులు, వాటిని మొదటినుంచి ఒకసారి చదువుకుని వెళ్లండి.