వెతికితే మన వార్త ఎందుకు ముందు రాదు?

ఒక ఊళ్లో దళితులపై దాడి జరుగుతుంది. వాడకు వెళ్లి, బాధితుల మాట విని, ఎఫ్‌ఐఆర్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు పెట్టారో లేదో చూసి వార్త రాస్తాం. రెండు రోజులకు అదే విషయం ఒక పెద్ద పత్రిక సైట్‌లో నాలుగు వాక్యాలుగా వస్తుంది. గూగుల్‌లో వెతికితే ముందు కనిపించేవి ఆ నాలుగు వాక్యాలే. మన కథనం ఎక్కడో కింద ఉంటుంది.

దీనికి ఒక ముఖ్య కారణం లింకులు. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ‘పేజ్‌ర్యాంక్’ పద్ధతిని వివరించారు. ఎక్కువమంది ఉదహరించిన పరిశోధనా పత్రానికి విలువ ఎక్కువ అన్నట్టే, ఎక్కువ పేజీలు లింకు ఇచ్చిన పేజీకి విలువ ఎక్కువ. అంటే లింకు ఒక ఓటు. కానీ పేరున్న పేజీ వేసే ఓటుకు బరువు ఎక్కువ.

రాజకీయాల్లో ఓటు విలువ సమానమైనా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత కొనసాగుతుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించారు. ఇక్కడైతే ఓటు విలువే సమానం కాదు. పేరున్నవాళ్లకే లింకులు వస్తాయి, లింకులున్నవాళ్లకే పేరు పెరుగుతుంది. మన కథనం నుంచి సమాచారం తీసుకున్న పెద్ద సైట్ లింకు ఇవ్వకపోతే, మన శ్రమతో పాటు ఆ ఓటూ పోయినట్టే.

ఇప్పుడు గూగుల్ లింకులతో పాటు పేజీలోని మాటలు, వార్త తాజాదనం లాంటివి చాలా చూస్తుంది. డబ్బిచ్చి లింకులు కొనడం దాని నిబంధనలకు విరుద్ధం. అలాంటి సైట్లను వెనక్కి నెట్టడానికి 2012లో ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చింది. కాబట్టి అడ్డదారి వద్దు.

మరి మనం చేయగలిగింది? కథనాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే పదిమంది చదువుతారు, మంచిదే. కానీ సెర్చ్ ఇంజన్‌కు అది లింకుగా కనిపించదు. బ్లాగు, సంఘం వెబ్‌సైట్, నిజ నిర్ధారణ నివేదిక, పరిశోధనా వ్యాసం రాసేవాళ్లు అసలు కథనానికి లింకు ఇవ్వాలి. అదీ ‘ఇక్కడ చూడండి’ అనే మాటకు కాదు. ‘చుండూరు హత్యాకాండ, 1991’ అని విషయం తెలిపే మాటలకే ఇవ్వాలి. లింకు మీది మాటలను బట్టి కూడా ఆ పేజీ దేని గురించో గూగుల్ అర్థం చేసుకుంటుంది.

మేమూ అదే పాటించాలి. తోటి చిన్న సైట్ ముందుగా రాసిన వార్తను వాడుకున్నప్పుడు, దాని పేరు చెప్పి లింకు ఇవ్వాలి.